గర్ప్స్: తొమ్మిదేళ్లు ఆడాక

మేం ఐదుగురం. తొమ్మిదేళ్లుగా నెలకు రెండు ఆదివారాలు ఒకరి ఇంట్లో చేరి ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆట, అంటే ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి ఊహాలోకంలో కథ నడిపించే ఆట, ఆడుతున్నాం. ఆట నడిపే బాధ్యత నాది. మా నియమావళి గర్ప్స్ నాలుగో కూర్పు. అమెరికాలో ఆస్టిన్‌కు చెందిన స్టీవ్ జాక్సన్ గేమ్స్ సంస్థ 1986లో మొదటిసారి తెచ్చిన ఈ నియమావళికి ఇది 2004 నాటి రూపం. పాత్రల తయారీకి ఒక సంపుటం, ఆట నడపడానికి ఇంకొకటి, కలిపి 576 పేజీలు. అంతకుముందు మూడేళ్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఆటే ఆడాం. ఆ ఆటంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. అయినా మేం మళ్లీ అటు వెళ్లలేదు. కారణం ఒక కాలి గాయం.

మొదటి ఏడాది సంగతి. కొండదారిలో నలుగురు దొంగలు అడ్డుపడ్డారు. మావాళ్లు పాత అలవాటు కొద్దీ మాటామంతీ లేకుండా కత్తులు దూశారు. మూడోసారి వంతు వచ్చేసరికి మావాళ్లలో విలుకాడి తొడమీద గొడ్డలి దెబ్బ పడింది. బట్ట కవచం ఆపగలిగింది ఆపగా దెబ్బలో ఐదు పాయింట్లు మిగిలాయి. కోత దెబ్బ కాబట్టి ఒకటిన్నర రెట్లు, భిన్నం వదిలేస్తే ఏడు. పది హిట్ పాయింట్లున్న (దెబ్బలు తట్టుకునే శక్తికి కొలత అది) మనిషికి కాలిమీద ఐదు దాటిన గాయమైతే ఆ కాలు నిలవదు. విలుకాడు కూలిపోయాడు. పోరు ముగిశాక ఆరోగ్యం అంకె మీద పాచికలు వేస్తే నెగ్గలేదు. నెగ్గకపోతే కాలు ఎన్ని నెలలకు బాగవుతుందో ఒక పాచిక వేసి తేల్చాలి. నాలుగు పడింది.

బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పులో ఎనిమిది గంటల విశ్రాంతితో హిట్ పాయింట్లన్నీ తిరిగి వస్తాయి. ఇక్కడ రోజుకు ఒకసారి పాచికలు వేసి, నెగ్గితే ఒక్క పాయింటు. అదీ తిండీ విశ్రాంతీ సరిగ్గా ఉంటేనే. సాహసం అక్కడితో ఆగిపోయిందనుకున్నాను. అలా జరగలేదు. మిగిలినవాళ్లు దగ్గరి ఊళ్లో ధాన్యం గిడ్డంగికి కాపలా పనిలో చేరారు. విలుకాడు తనకు కట్టు కట్టిన నాటు వైద్యుడి దగ్గరే ఉండి ఆ పని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. గురువు దగ్గర 200 గంటలు నేర్చుకుంటే నైపుణ్యం పెంచుకునే పాయింటు ఒకటి వస్తుందని పుస్తకంలో ఉంది. రోజుకు నాలుగు గంటల చొప్పున నాలుగు నెలల్లో రెండు పాయింట్లు దాటాయి. ఆ ఊరు, ఆ వైద్యుడి కుటుంబం, గిడ్డంగి యజమాని పిసినారితనం మా కథలో ఇప్పటికీ ఉన్నాయి. తర్వాతి దొంగల ముఠా ఎదురైనప్పుడు మావాళ్లు అరగంట బేరమాడారు. అలా బేరమాడమని ఏ నియమమూ చెప్పలేదు. గాయమంటే ఏమిటో తెలిశాక వాళ్లంతట వాళ్లే నేర్చుకున్నారు. ఈ నియమావళిలో నేను ఎక్కువగా విలువ ఇచ్చేది దీనికే.

ప్రతి పనికీ మూడు పాచికలు వేయాలి. మొత్తం నైపుణ్యం అంకెకు సమానంగా కానీ తక్కువగా కానీ ఉంటే పని అయినట్టు. నైపుణ్యం 10 అయితే సగం సార్లు నెగ్గుతాం, 12 అయితే వందకు 74 సార్లు, 14 అయితే 91 సార్లు. కొత్తగా నేర్చుకునేవాడికి ఒక్కో మెట్టూ పెద్దది, ఆరితేరినవాడికి అదే మెట్టు చిన్నది. ఏ విద్య నేర్చుకున్నవాళ్లకైనా ఇది అనుభవమే. గొలుసు కవచం కత్తి దెబ్బలో నాలుగు పాయింట్లు ఆపుతుంది, గద దెబ్బలో రెండే. కాంతారావు కత్తియుద్ధాలు చూస్తూ పెరిగిన మా తరానికి గద భీముడి చేతిలోనూ హనుమంతుడి చేతిలోనూ ఉండే వస్తువు. కవచం కింద ఎముక విరగ్గొట్టే ఆయుధంగా దాన్ని నేను ఈ ఆటలోనే తెలుసుకున్నాను.

పోరాట నియమాలన్నీ నాకు నచ్చాయని చెప్పలేను. ఇక్కడ ఒక్కో వంతు ఒక్క సెకను. ఇరవై సెకన్ల పోరు మాకు మొదట్లో రెండు గంటలు పట్టేది. నైపుణ్యం 16 ఉన్నవాడు కత్తితో దెబ్బను అడ్డుకునే అంకె 11. చేతిలో మధ్యరకం డాలు ఉంటే అది 13 అవుతుంది, అంటే వందకు 84 దెబ్బలు ఆగిపోతాయి. అలాంటివాళ్లు ఇద్దరు తలపడితే ఖంగుఖంగుమని చప్పుళ్లే తప్ప ఎంతసేపటికీ ఎవరికీ గాయం కాదు. దీనికి విరుగుడు పుస్తకంలోనే ఉంది. మన నైపుణ్యంలో రెండు తగ్గించుకుని మాయదెబ్బ వేస్తే ఎదుటివాడి రక్షణ ఒకటి తగ్గుతుంది. రెండో ఏడాదికి గానీ మేం దాని విలువ గ్రహించలేదు. అంత ముఖ్యమైనదాన్ని మరింత ముందుకు తెచ్చి చెప్పి ఉండాల్సింది.

అసలు లోపం వేరే ఉంది. నిజంగా కత్తులు పట్టినవాళ్లు సెకనుకో దెబ్బ వేయరు. ఒకరినొకరు చూసుకుంటారు, అడుగు వెనక్కి వేస్తారు, ఊపిరి పీల్చుకుంటారు. ఇందులో అలసట లెక్క పోరు ముగిశాకే వస్తుంది, అదీ పది సెకన్లు దాటితేనే. మధ్యలో ఆగడానికి ఆటగాడికి కారణమే ఉండదు. ఇంత సూక్ష్మంగా కొలిచిన నియమాలు సరిగ్గా ఈ చోట నిజానికి దూరమయ్యాయి. మేం సొంతంగా ఒక నియమం పెట్టుకున్నాం: వరసగా ఐదు వంతులు దాడి చేసినవాడు ఒక వంతు ఆగాలి, లేదా ఒక అలసట పాయింటు (ఒంట్లో మిగిలిన ఓపికకు కొలత) వదులుకోవాలి. అప్పటినుంచి పోరాటాలకు ఊపిరి వచ్చింది.

బరువుల లెక్క సంగతికొస్తే, చాలామంది దాన్ని విసుగని పక్కన పెట్టేస్తారు. నా మాట విని అలా చేయకండి. బలం అంకెను దానితోనే గుణించి ఐదుతో భాగిస్తే ఇబ్బంది లేకుండా మోయగల బరువు పౌండ్లలో వస్తుంది. బలం 12 ఉన్న మా యోధుడికి అది 29 పౌండ్లు, సుమారు 13 కిలోలు. గొలుసు కవచం, డాలు, కత్తి, శిరస్త్రాణం, తిండి మూట కలిపితే రెండింతలు దాటింది. వేగం నూటికి అరవైకి పడిపోయింది. ఈత నైపుణ్యం అంకెలో నాలుగు తగ్గింపు. ఒకసారి సైనికులు తరుముతుండగా ఏటి ఒడ్డుకు చేరారు. పడవ లేదు. ఆ ఆటగాడు తన కాగితం వంక చాలాసేపు చూసి, కవచం విప్పి తుప్పల్లో దాచి నీళ్లలోకి దిగుతానన్నాడు. తర్వాత మూడు ఆదివారాలు ఆ కవచం తిరిగి తెచ్చుకోవడంతోనే గడిచాయి. మా ఆటలో అంతగా గుర్తుండిపోయినవి తక్కువ.

మంత్రవిద్య నన్ను అంతగా మెప్పించలేదు. మంత్రం వేస్తే ఈతగాడూ సైనికుడూ ఖర్చుపెట్టే అలసట పాయింట్లే ఖర్చవుతాయి, పది నిమిషాల విశ్రాంతికి ఒకటి తిరిగి వస్తుంది. అంతవరకు చక్కగా ఉంది. కానీ ఒక మంత్రం నేర్చుకోవాలంటే ముందు ఇంకో నాలుగు నేర్చుకోవాలనే గొలుసులు శ్రమే తప్ప ఆనందం ఇవ్వవు. ఆహారం సృష్టించే మంత్రం ఉన్న లోకంలో కరువు ఎందుకు వస్తుంది, ధాన్యం ధర ఎలా నిలుస్తుంది అనేవి ఆట నడిపేవాళ్లే తేల్చుకోవాలి. మా లోకంలో మంత్రగాళ్లు జిల్లాకు ఒకరు కూడా ఉండరని తీర్మానించి ఆ చిక్కు దాటాం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు గర్ప్స్ లైట్ చదవండి. ముప్పై రెండు పేజీలు, ఉచితం. పెద్ద సంపుటాలు కొన్నాక రక్తస్రావం, గాయం చీముపట్టడం లాంటి ఐచ్ఛిక నియమాల జోలికి మొదటి ఆరు నెలలు పోవద్దు. గాయాలు, విశ్రాంతి, బరువు మాత్రం మొదటి రోజునుంచే ఉంచండి. ఆట నడిపేవాళ్లకు వారానికి రెండు మూడు గంటల తయారీ తప్పదు. ఆ తీరిక లేనివాళ్లు దీన్ని ఎంచుకోకపోవడమే మంచిది.

మా విలుకాడు ఇప్పుడు విల్లు కన్నా మందుల సంచే ఎక్కువ పడుతున్నాడు. వచ్చే ఆదివారం మంచు కొండ దాటాలి. ఎవరు ఎంత మోయాలో లెక్క వేసి పంపమని నిన్న రాత్రి అతనే అందరికీ రాశాడు.