నెల్సన్ అంతిమయాత్ర సాగిన దారిలో

లండన్ వెళ్లినవాళ్లు ముందు సెయింట్ పాల్స్ చర్చి చూసి, తీరికుంటే గ్రీనిచ్ వెళ్తారు. మేం తిరగేసి వెళ్లాం. దానికి కారణం 1805లో ట్రఫాల్గర్ సముద్రయుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ నౌకాదళ సేనాని అడ్మిరల్ నెల్సన్ అంత్యక్రియల బొమ్మలు. ఆయన అంతిమయాత్ర గ్రీనిచ్‌లో మొదలై సెయింట్ పాల్స్‌లో ముగిసింది. చిత్రకారుడు పూజిన్ గీస్తే ప్రచురణకర్త రుడాల్ఫ్ అకర్‌మన్ 1806లో అచ్చువేసి అమ్మినవి. రాగిరేకు మీంచి అచ్చు తీసి, ఒక్కో కాగితానికీ చేత్తో నీటిరంగులు అద్దారు.

బ్రిటిష్ మ్యూజియంలో ప్రింట్ల గదికి ముందే సమయం తీసుకుంటే ఇలాంటివి బల్ల మీద పెట్టి చూపిస్తారు. డబ్బేం తీసుకోరు. పెన్ను మాత్రం లోపలికి వద్దు, పెన్సిలే. అద్దం అడ్డు లేకుండా చూస్తే కుంచె గీత దాటిన చోట్లు కూడా కనిపిస్తాయి. తర్వాత సెసిల్ కోర్ట్ అనే వీధిలో ఒక పాత ప్రింట్ల దుకాణంలో వాటిలో ఒకటైన థేమ్స్ నది ఊరేగింపు బొమ్మ ఎదురైంది, ఆకాశం ఇంకాస్త మబ్బుగా! కొనేవాళ్లు రంగు అప్పటిదా, తర్వాత ఎవరైనా అద్దిందా అని తప్పక అడగండి. ధర విని నేను పోస్టుకార్డుతో సరిపెట్టుకున్నాను.

గ్రీనిచ్ పెయింటెడ్ హాల్‌లో 1806 జనవరి 5 నుంచి 7 దాకా పార్థివదేహాన్ని జనం చూసేందుకు ఉంచారు. టికెట్ ఉంది కానీ, చిత్రకారుడు థార్న్‌హిల్ 19 ఏళ్లు గోడల మీదా కప్పు మీదా వేసిన ఆ బొమ్మల కింద కూర్చుంటే గిట్టుబాటే. పక్కనే ఉన్న మారిటైమ్ మ్యూజియం ఉచితం. ట్రఫాల్గర్‌లో నెల్సన్ తొడుక్కున్న కోటు, భుజం దగ్గర తూటా చిల్లుతో సహా, అక్కడుంది.

8న శవపేటికను నది మీదుగా వైట్‌హాల్‌కు తెచ్చారు. మేమూ గ్రీనిచ్ నుంచి వెస్ట్‌మినిస్టర్‌కు పడవే ఎక్కాం. రైలు కంటే ఖరీదే, అయినా ఈ ఒక్కసారికి రైలొద్దు. బొమ్మలో నది నిండా పడవలు, ఒడ్డంతా జనం. మాకు దొరికింది చలిగాలి, ఫోన్లు పైకెత్తిన టూరిస్టులు.

మర్నాడు వైట్‌హాల్‌లోని అడ్మిరాల్టీ (అప్పటి నౌకాదళ కార్యాలయం) నుంచి సెయింట్ పాల్స్‌కు నడిచాం. 9న నెల్సన్ ఓడ విక్టరీ ఆకారంలో చేసిన బండి వెళ్లింది ఇటే. ఊరేగింపు తల చర్చికి చేరేసరికి తోక ఇంకా బయల్దేరలేదంటారు. చర్చి టికెట్ బరువే. తొందరలో ఉన్నవాళ్లు గోపురం మెట్లు వదిలేసినా నేలమాళిగ వదలొద్దు. నెల్సన్ సమాధి మీది నల్లరాతి పేటిక నిజానికి ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి కార్డినల్ వూల్సీ కోసం చేయించింది.

బస మాత్రం చెప్పుకోదగ్గది కాదు. పెట్టె తెరవాలంటే మంచమెక్కాల్సిన గది. ఈసారి గ్రీనిచ్‌లోనే దిగుతాం.