కొరియర్లతోని ఏండ్ల తిప్పలు: హనుమకొండ నుంచి నా రివ్యూ

ముందుగాల్నే చెప్తున్న, ఇది ఏదో ఒక్క పార్సెల్ పోయిందన్న కోపంల రాస్తున్నది కాదు. మేం హనుమకొండ కిషన్‌పురల ఉంటం, ఫోన్ కవర్ కాడికెళ్లి మిక్సీ జార్ దాకా అన్నీ ఆన్‌లైన్లనే తెప్పించుకుంటం. మా మరిది వాళ్లు కొత్తవాడల దర్రీలు, అంటే నేల మీద పరిచే నూలు తివాచీలు నేస్తరు, 2018ల జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకే అని సర్కారు ఇచ్చే గుర్తు) వచ్చిన వరంగల్ దర్రీలే, బయటి ఊర్లోళ్లు అడిగితే వాటిని ప్యాక్ చేసి పంపుడు నా పని. అంటే పార్సెల్ కోసం ఎదురుచూసేదాన్ని నేనే, పార్సెల్ అందలేదని అవతలోళ్లతోని మాట పడేదాన్ని కూడా నేనే. రెండు దిక్కులా కొన్నేండ్లు చూసినంక రాస్తున్న.

నా లెక్కల అన్నిటికంటే పెద్ద బాధ ఏందంటే లేటు కాదు, పోవుడు కూడా కాదు. లేటయితే ఓర్చుకుంటం, పోతే పైసలు వాపస్ వస్తే ఊకుంటం. గని రాకుండనే వచ్చి పోయినమని రాస్తరు చూడుండ్రి, అదే నాకు అస్సలు పడదు. మా అత్తమ్మ మాతోనే ఉంటది, పొద్దంత వాకిట్లనే కూసుంటది, గేటు తీసే ఉంటది. పొద్దుగాల 'అవుట్ ఫర్ డెలివరీ' అని మెసేజ్ వస్తది, ఇగ ఇయ్యాల వస్తదని మార్కెట్‌కు పోయే పని కూడా ఆపుకుంటం, ఫోన్ చేతిల పట్టుకొనే తిరుగుత, ఒక్క కాల్ రాదు, మిస్డ్ కాల్ కూడా ఉండదు, పొద్దుగూకినంక 'డోర్ లాక్డ్' అనో 'కస్టమర్ నాట్ అవైలబుల్' అనో పడుతది. అత్తమ్మ అయితే మస్తు బాధపడ్డది, నేను ఇంట్ల ఉండంగనే తాళం ఉన్నదని ఎట్ల రాసిన్రు, నన్ను మనిషి లెక్క సూస్తలేరా అని అడిగింది. దానికి నేనేం జవాబు చెప్పాలె.

ఇట్ల ఎందుకైతదో మా గల్లీకి వచ్చే ఒక పిలగాడే చెప్పిండు. సాయంత్రానికి బస్తల మిగిలిన ప్రతి పార్సెల్‌కు యాప్‌ల ఏదో ఒక కారణం కొట్టాల్నంట, ఖాళీగ వదిలేస్తే పార్సెళ్లు పంచే గోదాంల, అదే హబ్‌ల అడుగుతరంట. పైసలేమో పార్సెల్ ఇస్తేనే, ఇయ్యకపోతే ఆ తిరుగుడంత ఉత్తదే. పండుగ సేల్ టైంల బైక్ ముందట ఒక బస్త, ఎనుక ఒక బస్త ఏస్కొని ఎండల తిరిగేటోని మీద నాకు కోపం రాదు. కోపమంత ఒక్కనికి అన్ని పార్సెళ్లు ఎక్కించి పంపేటోళ్ల మీద, అబద్ధం కొట్టకుండ బయటపడే దారి లేకుండ ఆ యాప్‌ను తయారు చేసినోళ్ల మీద. 'ఇయ్యాల టైం సరిపోలే, రేపు తెస్తం' అనే బటన్ ఒకటి పెడితే ఏం పోతది వాళ్లకు? ఇప్పుడున్న లెక్కల తప్పు నా మీద పడుతది. అసొంటి అటెంప్ట్‌లు మామూలుగా మూడైతే పార్సెల్ ఉల్టా పంపినోళ్లకే పోతది, ఆర్డర్ క్యాన్సిల్, పైసలు ఎప్పుడో వస్తయి, గని సేల్ల దొరికిన రేటు మల్ల దొరకదు.

ఇంకోటి, నేను గమనించిందాన్ని బట్టి కంపెనీ పేరు కంటే మీ గల్లీకి వచ్చే మనిషే ముఖ్యం. మాకు చాన్నాళ్లు ఒకే తమ్ముడు వచ్చేటోడు, 'అక్కా, గేటు కాడున్న' అని ఒక్క ఫోన్ కొడితే అయిపోయేది, మేం ఊర్ల లేకుంటే పక్కింట్ల ఇచ్చి ఫోటో పంపేటోడు, ఆ టైంల నన్నెవరన్నా అడిగితే ఆ కొరియర్ బంగారం అని చెప్పేదాన్ని. ఆ తమ్ముడు పని మానేసిన నెల నుంచి అదే కంపెనీ, అదే హబ్, పార్సెళ్లు ఆగమాగం. గందుకే వేరే ఊరోళ్లు రాసిన రివ్యూలు చదివి ఇది మంచిది అది మంచిది కాదని నేనైతే అనుకోను, మీ దిక్కు ఎవరు తెస్తున్నరో అడుగుండ్రి, వాళ్ల నంబర్ ఇస్తే పెట్టుకోండ్రి.

అడ్రస్ లొల్లి మన కాడ ఇంకో రకం. 2021 ఆగస్టుల వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ ఏమో వరంగల్ అయింది, గని కొన్ని సైట్లల్ల జిల్లా ఎంచుకునే కాడ ఇంకా పాత పేర్లే కనబడుతయి. బయటి రాష్ట్రం నుంచి పంపేటోళ్లకు హనుమకొండ, వరంగల్, కాజీపేట మూడూ ఒక్కటే ఊరు. ఫోన్ల అడ్రస్ చెప్తుంటే 'వరంగల్ అని రాస్తే సరిపోద్దిగా' అంటరు. సరిపోదు. 506001 హనుమకొండ, 506002 వరంగల్, 506003 కాజీపేట, పార్సెల్ ఏ హబ్‌కు పోవాల్నో ఆ పిన్ కోడ్ చూసే తేలుస్తరు. ఒక్క అంకె అటు ఇటైతే సామాన్లు వరంగల్ల దిగి, అక్కడ 'అడ్రస్ ఇన్‌కంప్లీట్' అని కూసుంటయి. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15 నుంచి ఉన్నది, ఇన్నేండ్లయినా ఇంటి నంబర్ చూసి ఇల్లు పట్టే పద్ధతి మనకు రాలే, గుడి పక్క గల్లీ, వాటర్ ట్యాంక్ ఎదురుంగ అని చెప్పుకోవాల్సిందే. 2025ల తపాలా శాఖ వాళ్లు డిజిపిన్ అని పది అక్షరాలది తెచ్చిన్రు, నాలుగు మీటర్లకు నాలుగు మీటర్ల జాగకు ఒక కోడ్, ఐడియా మస్తుంది, గని నాకు పార్సెల్ తెచ్చినోళ్లు ఎవ్వరూ దాన్ని ఇంకా అడగలే.

ఇగ ఖాళీ డబ్బ వచ్చిన ఆర్డర్ సంగతి. మా బాబు చదువు కోసం ఒక ట్యాబ్ బుక్ చేసినం. డబ్బ చేతికి రాంగనే ఏదో తేడా కొట్టింది. కంపెనీ పేరున్న టేప్ నడిమిట్ల బ్లేడ్ పెట్టి కోసినట్టు సన్నగ తెగి ఉన్నది, దాని మీదికెళ్లి మామూలు బ్రౌన్ టేప్ ఏసి ఉన్నది, ఒక మూల అట్ట మెత్తగయి లోపలికి పోయింది. లేబుల్ మీద బరువు కిలోకు దగ్గర రాసి ఉంది, చేతిల పట్టుకుంటే ఖాళీ డబ్బ లెక్క ఉంది. అట్లనే తీస్కపోయి ఎదురుంగ కిరాణం షాపు కాంటా మీద పెడితే పావుకిలో కూడా తూగలే. ఆ కాంటా మీది అంకె, లేబుల్ మీది అంకె రెండూ ఒకే ఫోటోల వచ్చేటట్టు తీసిన, తర్వాత వీడియో పెట్టి షాపాయన ముందట్నే కోసినం, లోపల మడిచిన అట్టముక్కలు తప్ప ఏం లేవు.

చాట్ల చెప్తే 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని ఒకటే పాట, మనిషి మారినప్పుడల్ల మొదటికెళ్లి చెప్పాలె, రెండు రోజులైనంక చూస్తే కంప్లైంట్ దానంతట అదే 'రిజాల్వ్డ్' అయి ఉన్నది. కొరియరోళ్లను అడిగితే అమ్మినోళ్లను అడగమంటరు, అమ్మినోళ్లు కొరియరోళ్లను అడగమంటరు. అప్పుడు 1915కు, అదే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు కొట్టిన, తెలుగుల మాట్లాడిన్రు, డాకెట్ నంబర్, అంటే ఫిర్యాదు నంబర్ ఇచ్చిన్రు. ఆ నంబర్ ఏసి, ఆ కాంటా ఫోటో పెట్టి, సైట్ల అడుగున పేరుండే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ రాసిన. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆ ఆఫీసర్ మన ఫిర్యాదు అందిందని 48 గంటలల్ల చెప్పాలె, నెల లోపల తేల్చాలె. ఈ ముక్క మెయిల్ల రాసినంక వాళ్ల మాటనే మారిపోయింది, పైసలు పూర్తిగ వాపస్ వచ్చినయి. రాకపోయి ఉంటే కన్స్యూమర్ కమిషన్‌కు పోయేదాన్ని. 2019 చట్టంల మనం ఉండే జిల్లాలనే కేసు ఏస్కోవచ్చు, కంపెనీ ఆఫీసు బెంగుళూరుల ఉందా ఢిల్లీల ఉందా అని ఫికర్ చేసే పనే లేదు, 5 లక్షల లోపు విలువకైతే ఫీజు కూడా లేదు, టైం రెండేండ్లు ఉంటది. ఇది చానా మందికి ఎర్కలేక ఇడిసిపెడుతున్నరు, గందుకే ఇంత ఇడమరిచి రాస్తున్న.

పార్సెల్ లేటయినప్పుడు గూగుల్ల కస్టమర్ కేర్ నంబర్ ఎతకకుండ్రి, దయచేసి. అక్కడ దొంగ నంబర్లు ఉంటయి, ఐదు రూపాలు కట్టుమని లింక్ పంపి ఖాతా ఊడుస్తరు. డెలివరీ బాయ్‌ని మాట్లాడుతున్న, స్టార్ 401 లాంటి కోడ్ ఏదన్నా కొట్టి ఈ నంబర్ డయల్ చేయమంటే అస్సలు చేయొద్దు, మీకొచ్చే కాల్స్ వానికి పోవచ్చు, కాల్ల చెప్పే ఓటీపీలు కూడా. పైసలు పోతే ఎంటనే 1930కి, అదే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కు ఫోన్ కొట్టుండ్రి. నంబర్ కావాల్నంటే యాప్ల నుంచే తీస్కోవాలె.

పంపే దిక్కుకు వస్తే నా కడుపు మండేది అక్కడనే. దర్రీని చుట్టి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి, పైన గోనె సంచి కుట్టి, మార్కర్‌తోని రెండు దిక్కుల అడ్రస్ రాసి పంపుత, అంత జాగ్రత్త చేసినా ఒక పెద్ద దర్రీ హైదరాబాద్ హబ్ దాటినంక మాయమైంది. ట్రాకింగ్ల రోజూ అదే లైను, 'ఇన్ ట్రాన్సిట్'. పోయి అడిగితే రసీదు ఎనుక చిన్న అక్షరాల్ల ఉన్నది చూపించిన్రు, ఇన్సూరెన్స్ లేకుంటే కంపెనీ బాధ్యత ఇంతే అని, ఆ ఇచ్చే పైసలు నూలు ఖర్చుకు కూడా చాలవు. దర్రీ అంటే మిషన్ల పడ్డ ప్లాస్టిక్ బకెట్ కాదు కదా, మగ్గం గుంతల కాళ్లు పెట్టి కూసొని రోజుల తరబడి నేసింది. మా మరిది మల్ల అసొంటిదే నేసి పంపిండు, ఆ కష్టానికి ఎవరూ రూపాయి కట్టియ్యలే. బుకింగ్ కౌంటర్ల ఆ చిన్న అక్షరాల సంగతి నోటితోని చెప్పాలె అని నేను గట్టిగ అంటున్న. చెప్తే ఎవరమైనా ఇన్సూరెన్స్ కట్టుకుంటం.

పెద్ద సైజు సామాన్లు పంపేటోళ్లు ఒకటి యాది పెట్టుకోండ్రి, చానా కొరియర్లు బరువు ఒక్కటే చూడరు, పొడుగు, ఎడల్పు, ఎత్తు సెంటీమీటర్లల్ల గుణించి 5000తోని భాగించి, అట్ల వచ్చిన కిలోలు, అసలు బరువు రెండిట్ల ఏది ఎక్కువైతే దానికి బిల్లు ఏస్తరు. అందుకే దర్రీని వదులుగ చుడితే పైసలు ఎక్కువైతయి, గట్టిగ చుట్టాలె.

ఇప్పుడు నేను వాడేది చెప్తున్న. తెలంగాణ లోపలికైతే ఆర్టీసీ కార్గో. 2020ల షురూ చేసిన్రు, బస్టాండ్ కౌంటర్ల ఇస్తే బస్సు మీద పోతది, పొద్దుగాల హనుమకొండల ఏస్తే సాయంత్రానికి హైదరాబాద్‌ల అందుకున్నరు మా గిరాకీలు. నేను వాడింది కౌంటర్ నుంచి కౌంటర్‌కే, ఇంటికి తేరు, పోయి తెచ్చుకోవాలె, వయసు మీద పడ్డోళ్లకు ఇది కష్టమే. గని అడిగితే జవాబు చెప్పే మనిషి కౌంటర్ ఎనుక కూసొని ఉంటడు, నాకు అదే పెద్ద నిమ్మలం.

వేరే రాష్ట్రాలకు, ఊర్లకు స్పీడ్ పోస్ట్. మా అమ్మ పరకాల అవతల పల్లెల ఉంటది, మోకాళ్ల బెల్ట్ ఒక సైట్ల బుక్ చేస్తే 'మీ పిన్ కోడ్‌కు డెలివరీ లేదు' అన్నది, ఇంకో సైటోళ్లు తీసుకొని పరకాలల ఒక షాపుల పెట్టి 'వచ్చి తీస్కపోండ్రి' అన్నరు, మోకాళ్ల నొప్పులున్న మనిషిని. చివరికి నేనే ఇక్కడ కొని స్పీడ్ పోస్ట్ల పంపిన, పోస్ట్‌మ్యాన్ అమ్మను పేరు పెట్టి పిలిచి ఇంట్ల ఇచ్చిపోయిండు. 13 అక్షరాల ట్రాకింగ్ నంబర్ జాగ్రత్తగ పెట్టుకోండ్రి. ఒక లోటు చెప్పాలె, స్పీడ్ పోస్ట్ల సామాను పోతే ఇచ్చే పరిహారం మనం కట్టిన చార్జీకి రెట్టింపు, లేకుంటే వెయ్యి రూపాలు, ఏది తక్కువైతే అది. అందుకే ఖరీదైన దర్రీకి నేను ఇన్సూరెన్స్ కట్టకుండ పంపుత లేను. 2025ల రిజిస్టర్డ్ పోస్ట్ కూడా దీంట్లనే కలిసింది, పాత అలవాటుతోని ఆ పేరు అడిగితే ఇప్పుడు కౌంటర్ల స్పీడ్ పోస్టే చేస్తరు.

వాన, జాతర టైంల లేటయితే మాత్రం ఎవ్వరినీ అనకుండ్రి. 2023 జూలైల హంటర్ రోడ్డు, నయీంనగర్ దిక్కు నీళ్లల్ల మునిగినప్పుడు మనుషులకే దారి లేకుండె, అప్పుడు పార్సెల్ ఏదని హబ్ల అడిగేటోళ్లను చూసి నాకే బాధనిపించింది. మేడారం జాతర రెండేండ్లకోసారి వస్తది, ఆ వారం ములుగు రోడ్డు మీద బండి కదలదు. ములుగు, భూపాలపల్లి దిక్కు పంపేది ఏమన్నా ఉంటే, మందులైతే మరీ, జాతరకు పది రోజుల ముందే పంపుండ్రి.