చిరుత: అడవిలో ఒకటి, నమ్మకంలో మరొకటి

ఆత్మ జంతువుగా, అంటే తమ స్వభావానికి ప్రతీకగా, చిరుతను ఎంచుకున్నవారు ధైర్యం, ఏకాంతం, నిర్భయం అనే మాటలు చెబుతారు. అడవిలోని చిరుతకు ఏకాంతం నిజమే. భయం లేకపోవడం మాత్రం కాదు. సింహం, హైనాల గుంపు కనిపిస్తే అది తప్పుకుంటుంది. వేటాడిన జింకను నోట కరుచుకొని చెట్టెక్కి కొమ్మల మధ్య ఇరికించేది కూడా ఆ దొంగలకు దక్కకుండా చూసుకోవడానికే. ఒక్కోసారి ఆ కళేబరం దాని ఒంటి బరువును మించి ఉంటుంది. వేట చాలాసార్లు తప్పిపోతుంది. అప్పుడు పేడపురుగు దొరికినా తింటుంది! ప్రతీకల పుస్తకాలలో ఈ పేడపురుగు కనిపించదు.

ప్రతీకగా దాని చరిత్ర కూడా చిన్నది కాదు. ప్రాచీన ఈజిప్టులో అంత్యక్రియలు జరిపించే సెమ్ పూజారులు చిరుత తోలు కప్పుకునేవారు. నేటి నైజీరియాలోని బెనిన్ రాజ్యంలో ఒబా అనే రాజుకు అది గుర్తు. అక్కడి ఇత్తడి శిల్పాలలో దాని మచ్చలను ఒక్కొక్కటిగా చెక్కారు.

ఆత్మ జంతువులలో నల్ల చిరుతను రహస్యశక్తికి ప్రతీకగా విడిగా చెబుతారు. అది వేరే జాతి కాదు, నల్లరంగు ఎక్కువైన చిరుతే. ఎండ ఏటవాలుగా పడితే మచ్చలు కనిపిస్తాయి.

నా మొగ్గు అడవి చిరుత వైపే. ఓర్పుకు ప్రతీక కావాలన్నా, గడ్డిలో పొట్ట ఆనించి అంగుళం అంగుళం జరిగే ఆ జంతువును మించినది ఏముంది? తోలు కోసం జరిగే వేట ప్రతీకను తాకదు, జంతువును చంపుతుంది. దక్షిణాఫ్రికాలో, వేడుకలలో చిరుత తోలు కప్పుకునే షెంబే చర్చి భక్తులు కొందరు ఇప్పుడు కృత్రిమ తోలు ధరిస్తున్నారు.