సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికలు: మూసీ ఒడ్డు నుంచి ఒక సమీక్ష

విపత్తు హెచ్చరికలను నేరుగా ఫోన్లకు చేరవేసే సెల్ బ్రాడ్‌కాస్ట్ మీద 2023లో టెలికం శాఖ దేశమంతటా జరిపిన పరీక్షల్లో భాగంగా ఒకనాడు హైదరాబాద్ చాదర్‌ఘాట్‌లోని మా ఇంట్లో నాలుగు ఫోన్లకుగాను మూడు ఒక్కసారిగా గట్టిగా మోగాయి. నా ఫోను సైలెంట్‌లో ఉన్నా మోగింది. ఇది పరీక్ష సందేశం మాత్రమేనని, మనం చేయవలసిందేమీ లేదని తెర మీద ఇంగ్లీషులో కనిపించింది.

టెలికం శాఖ పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన ఈ వ్యవస్థలో సందేశం ఒక్కొక్క నంబరుకూ విడివిడిగా వెళ్లదు. ఎంచుకున్న ప్రాంతంలోని టవర్లు దాన్ని రేడియో వార్తలాగా ఒకేసారి ప్రసారం చేస్తాయి. అందువల్ల వరద రాత్రి ఊరంతా ఫోన్లకు ఎగబడి నెట్‌వర్క్ కిక్కిరిసిపోయినా, ఎస్సెమ్మెస్‌లా ఇది వరుసలో చిక్కుకోదు. డేటా అక్కరలేదు, నంబరు నమోదు చేయించుకోనక్కరలేదు. విడతలవారీగా మళ్లీ మళ్లీ ప్రసారం చేసే వీలుంది కనుక, అప్పుడే వంతెన దాటి మలక్‌పేట వైపు నుంచి వచ్చినవారికీ అందుతుంది. చేరవేతలో దీనికి వంక పెట్టలేను.

2025 సెప్టెంబరు చివర్లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తిన తరువాత మూసీ నీళ్లు ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ లోపలికి చేరిన రాత్రిని తలుచుకుంటే, మాకు కావలసింది జిల్లా మొత్తానికి వర్తించే ‘భారీ వర్షాలు’ అన్న మాట కాదు. నది ఒడ్డునున్న మూసానగర్ వాళ్లకు మాత్రమే, ఏ దారిన ఎక్కడికి వెళ్లాలో చెప్పే తెలుగు, ఉర్దూ మాట. టవర్లను ఎంచుకోగల పద్ధతి కాబట్టి అది సాధ్యమే. అయితే చోటు తక్కువ. సెల్ బ్రాడ్‌కాస్ట్ ప్రమాణం ప్రకారం ఒక సందేశానికి గరిష్ఠంగా 15 పేజీలు (పేజీ అంటే ఇక్కడ సందేశంలో ఒక చిన్న ముక్క). పేజీకి ఇంగ్లీషు అక్షరాలు 93 పడితే, యూనికోడ్ తెలుగుకు 40 పైచిలుకే. పైగా మన గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కకొస్తాయి. శాఖల పేర్లతో, సంబోధనలతో మొదలుపెట్టే మన ప్రకటనల అలవాటును ఇక్కడ మానుకోక తప్పదు.

మోగని నాలుగో ఫోను మా అమ్మది. మా వీధిలోని ఒక రిపేరు దుకాణంలో ఎప్పుడో ఆ హెచ్చరికలను ఆపేశారట. ఆండ్రాయిడ్‌లో ‘సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ’ కింద ‘వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్’ అని ఉంటుంది (కొన్ని ఫోన్లలో వేరే చోట వెతుక్కోవాలి). పేరు చూసి అదేమిటో అమ్మ పోల్చుకోలేదు. నేనే తెరిచి ఆన్ చేశాను. ఇంట్లో కింది గదిలో పడుకునేది ఆమే.