మేడారం జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సు: పోయేటప్పుడు హాయి, వచ్చేటప్పుడు ఓపిక

మేడారం పోవాలంటే సొంత బండా, బస్సా అని ఇంటింటా చర్చ నడుస్తుంది. ఆ చర్చకు జవాబు పస్రా దగ్గర దొరుకుతుంది. వరంగల్, ములుగు దాటి వచ్చిన రోడ్డు అక్కడ రెండుగా చీలుతుంది. జాతర రోజుల్లో సొంత బండ్లను పోలీసులు నార్లాపూర్ వైపు మళ్లిస్తారు. ఆర్టీసీ బస్సులు మాత్రం నేరుగా తాడ్వాయి పోయి, అక్కడి నుంచి అడవిలో 14 కిలోమీటర్లు నడిచి మేడారం చేరతాయి. బస్సుల కోసమే దాదాపుగా ఒక దారిని విడిచిపెట్టడం ఈ సర్వీసుకున్న అసలు బలం. మిగతా లాభనష్టాలన్నీ దాని తర్వాతే.

రెండేళ్లకోసారి మాఘశుద్ధ పౌర్ణమి చుట్టూ బుధవారం నుంచి శనివారం దాకా నాలుగు రోజులు జరిగే సమ్మక్క, సారలమ్మల జాతర ఇది. ఇక్కడ విగ్రహం ఉండదు, గర్భగుడి ఉండదు. వెదురు, కుంకుమ భరిణె, అమ్మలు కొలువుదీరే అరుగుల్లాంటి గద్దెలు, వాటిని చూసుకునే కోయ పూజారులు, అంతే. 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. ఆ నాలుగు రోజులూ ములుగు జిల్లా అడవిలోని ఆ చిన్న ఊరు మహానగరమంత అవుతుంది. ఆర్టీసీ 2024 జాతరకు 6,000 ప్రత్యేక బస్సులు ప్రకటించిందంటే రద్దీ ఏ పాటిదో ఊహించుకోవచ్చు.

ఎక్కడం సంగతి ముందు చెప్పాలి. హైదరాబాద్ నుంచి నేరుగా బస్సులున్నాయి. అయినా ఎక్కువమందికి కలిసొచ్చేది హనుమకొండ దాకా మామూలు బస్సులోనో, కాజీపేట దాకా రైల్లోనో వచ్చి అక్కడ జాతర బస్సు ఎక్కడమే. హనుమకొండ నుంచి బస్సులు వెంటవెంటనే కదులుతాయి. ఒకటి నిండితే ఇంకొకటి వచ్చి ఆగుతుంది. దారి సుమారు వంద కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటే రెండున్నర, మూడు గంటలు. గురువారం మధ్యాహ్నం తర్వాత ఎక్కినవాళ్లు ఈ లెక్క నమ్ముకోవద్దు.

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్‌లో మొదలైంది. కాబట్టి ఆడవాళ్లకు టికెట్ లేకుండా సాగిన మొదటి మేడారం జాతర 2024ది. ఉచితం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే ఉంటుంది. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సుల్లో డబ్బు కట్టాల్సిందే. తెలంగాణ చిరునామా ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపాలి. ఆంధ్ర నుంచి వచ్చే ఆడబిడ్డలకు టికెట్ తప్పదు. కుటుంబంలో అందరి ఆధార్ కార్డులూ ఒకరి సంచిలోనే పెట్టి, ఆ మనిషి వేరే బస్సు ఎక్కేయడం తరచూ జరిగే పొరపాటు. ఎవరి కార్డు వారి దగ్గరే ఉండాలి. జీరో టికెట్ అయినా కాగితం తీసుకుని దాచుకోవాలి, తనిఖీలో అదే అడుగుతారు.

బస్సులోకి ఏది ఎక్కనివ్వరో ముందే తెలుసుకోకపోతే స్టాండులోనే మొక్కు ఆగిపోతుంది. కోళ్లు, మేకలు, గొర్రెలు బస్సులోకి రానివ్వరు. మందు సీసాలూ అంతే. మేడారం మొక్కుల్లో ఎదురుకోడి, యాటపోతు (మేకపోతు) పెద్దవి కాబట్టి ఈ నియమం చాలామందికి ఇబ్బందే. కానీ కిక్కిరిసిన బస్సులో కాళ్లు కట్టిన యాటతో మూడు గంటల ప్రయాణం దానికీ, పక్కవాళ్లకూ నరకమే. ఈ నియమం సరైనదే. దీనికి రెండు దారులున్నాయి. కోడి అయితే మేడారంలోనే కొనుక్కోవచ్చు, ధర మాత్రం ఊళ్లో కంటే ఎక్కువ ఉంటుందని సిద్ధపడాలి. యాటపోతు అయితే నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక ట్రాలీ మాట్లాడుకుని, ఒకరిద్దరు మగవాళ్లను దానితో ముందు రోజే పంపి, మిగతావాళ్లు బస్సులో రావచ్చు. ఖమ్మం, భద్రాచలం వైపు నుంచి ఏటూరునాగారం మీదుగా వచ్చే బండ్లకు ఊరట్టం వైపు పార్కింగ్ ఉంటుంది. కలుసుకునే చోటు ముందే మాట్లాడుకోవాలి. మేడారంలో జనం పెరిగాక ఫోన్ కలవదు.

ఇక బంగారం. మేడారంలో బంగారమంటే బెల్లం. నిలువెత్తు బంగారం మొక్కుకున్న మనిషి బరువు 60 కిలోలైతే 60 కిలోల బెల్లం. దాన్ని బస్సులో తేవాలనుకోవడం తప్పు. ముద్దలు చెమ్మకు కరిగి సంచి అడుగు జారుతుంది, పైన ఎక్కించడానికి వీలుండదు, దిగాక మోసేవాళ్లు ఉండరు. మేడారంలో గద్దెల దారి పొడవునా కాంటాలతో దుకాణాలుంటాయి, అక్కడే తూకం వేయించుకోవచ్చు. మరో పద్ధతి కూడా ఉంది. ఇంటి దగ్గరే తులాభారం తూచి, కొంత అమ్మకు తెచ్చి, మిగిలింది బంధువులకు, వాడకట్టుకు పంచుతారు. బస్సు ప్రయాణానికి ఇది బాగా కుదురుతుంది. 2024 జాతరప్పుడు గుడుంబా కట్టడి కోసం బెల్లం కొనేవాళ్లను ఆధార్ అడిగారు. నకలు ఒకటి దగ్గరుంచుకుంటే మంచిది. తెచ్చే బెల్లాన్ని గోనెసంచిలో కాకుండా గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. పసుపు, కుంకుమ, ఒడిబియ్యం, చీర, రవిక మరో సంచిలో. కొబ్బరికాయలు మాత్రం అక్కడే కొనండి.

దించే చోటు విషయంలో ఈ సర్వీసుకు నిండు మార్కులు వేయొచ్చు. ఆర్టీసీ తాత్కాలిక బస్టాండు గద్దెలకు నడిచిపోయే దూరంలో ఉంటుంది. సొంత బండి వాళ్లు పార్కింగ్ నుంచి కిలోమీటర్ల కొద్దీ దుమ్ములో నడుస్తారు. ముసలివాళ్లు, చంకబిడ్డలు ఉన్న ఇంటికి ఈ ఒక్క తేడా చాలు. దిగగానే చేయాల్సిన మొదటి పని మీ ప్రాంతానికి తిరుగు బస్సులు ఎక్కడి నుంచి కదులుతాయో చూసుకోవడం. తిరుగు క్యూలైన్లు ఊరి పేర్లతో వేరువేరుగా ఉంటాయి. రాత్రిపూట, అలసిపోయి, చంకలో బిడ్డతో తప్పు లైన్లో గంటన్నర నిలబడి, చివర్లో "ఇది కరీంనగర్ లైనమ్మా" అనిపించుకునే కుటుంబాలు ప్రతి జాతరలో కనిపిస్తాయి. బోర్డు ఫొటో తీసుకుని పెట్టుకోండి. ఆ బోర్డులు ఇంకాస్త ఎత్తులో, లైటు కింద పెట్టి ఉంటే బాగుండేది. మనుషుల తలలు అడ్డం వస్తే కింది బోర్డు ఎవరికీ కనబడదు.

అక్కడి నుంచి జంపన్న వాగు. సమ్మక్క కొడుకు జంపన్న కాకతీయ సైన్యంతో పోరాడి సంపెంగ వాగులో ప్రాణం విడిచాడని, అప్పటి నుంచే దానికి ఆ పేరని చెబుతారు. వాగులో నీళ్లు ఎప్పుడూ ఒకేలా ఉండవు. లక్నవరం చెరువు నుంచి నీళ్లు వదిలినప్పుడు పారుతుంది, లేకుంటే మోకాళ్ల లోతే. గట్టు మీద వరుసగా పెట్టిన నల్లాలను అందరూ బ్యాటరీ ఆఫ్ ట్యాప్స్ అంటారు. పిల్లలకు అక్కడ స్నానం చేయించడమే మేలు. తడి బట్టలకు ఒక ప్లాస్టిక్ సంచి విడిగా ఉంచుకోండి, తిరుగు బస్సులో దాని విలువ తెలుస్తుంది.

గద్దెల దగ్గర జరిగే ప్రమాదం గురించి ఎంత చెప్పినా తక్కువే. రద్దీలో ముందుకు పోలేనివాళ్లు బెల్లం ముద్దలు, కొబ్బరికాయలు దూరం నుంచే విసురుతారు. అవి ముందున్నవాళ్ల తలలకు తగులుతాయి. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకోవద్దు, ఛాతీకి హత్తుకోండి. 2026 జాతరకు ముందు ప్రాంగణాన్ని రాతితో కట్టి, సమ్మక్క, సారలమ్మ, గోవిందరాజు, పగిడిద్దరాజుల నాలుగు గద్దెలనూ ఒకే వరుసలోకి తెచ్చారు. అందువల్ల నలుగురినీ ఒకే నడకలో మొక్కుకునే వీలు కలిగింది. విసరడం మాత్రం మనమే మానుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు, తిరుగు ప్రయాణం. దాన్ని అర్థం చేసుకోవాలంటే జాతర నడక తెలియాలి. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, కొండాయి నుంచి గోవిందరాజు, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు గద్దెలకు చేరతారు. గురువారం సాయంత్రం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క దిగుతుంది. జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం చెప్పే ఆ క్షణం కోసమే లక్షలమంది కాచుకుని ఉంటారు. శుక్రవారం నలుగురూ గద్దెల మీద ఉంటారు, మొక్కులన్నీ ఆ రోజే. శనివారం సాయంత్రం వనప్రవేశం, అమ్మలు తిరిగి అడవికి పోతారు. అంటే గురువారం రాత్రి నుంచి శుక్రవారం రాత్రి దాకా వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఒకరికొకరు ఎదురుపడతారు.

క్యూలో నిలబడ్డవాళ్లకు బస్సులు లేవనిపిస్తుంది, కోపమొస్తుంది. కానీ బస్సులు ఉంటాయి, రోడ్డు మీద. హనుమకొండలో జనాన్ని దించిన బస్సు ఖాళీగానైనా సరే తిరిగి మేడారం చేరితేనే తర్వాతి ట్రిప్పు. సొంత బండ్లు తిరుగు దారిలో బయ్యక్కపేట, భూపాలపల్లి, పరకాల మీదుగా వచ్చి గుడెప్పాడ్ దగ్గర మళ్లీ పెద్దరోడ్డులో కలుస్తాయి. అక్కడ ఇరుక్కుంటే బస్సూ ఇరుక్కున్నట్టే. తాడ్వాయి అడవి రోడ్డులో ఒక్క బస్సు చెడిపోయినా వెనక వరస మొత్తం నిలిచిపోతుంది. బస్సుల సంఖ్య పెంచితే ఈ కష్టం తీరదు. గుడెప్పాడ్, ములుగు దగ్గర బస్సులకు విడి వరస ఇస్తే కొంత తీరుతుంది. తిరుగు క్యూలో నీడ, తాగునీళ్లు, ఆడవాళ్లకు దగ్గరలో మరుగుదొడ్డి ఈ మూడూ ఎక్కువ కావాలి. మూడు గంటలు నిలబడే చోట ఇవి లేకపోతే ఎంత మంచి బస్సయినా దండగే.

ప్రయాణికుల చేతిలో ఉన్నది వేళ ఎంచుకోవడం. సమ్మక్క రాక కళ్లారా చూడాలంటే గురువారం పదకొండు లోపు దిగేట్టు బయల్దేరి, ఆ రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామున గద్దెలు దర్శించి, శుక్రవారం ఉదయం ఎనిమిదికల్లా తిరుగు లైన్లోకి రావాలి. మధ్యాహ్నం వండుకుని తిని బయల్దేరదామనుకుంటే రాత్రి అవుతుంది. ముసలివాళ్లతో పోయేవాళ్లకు శనివారం పొద్దున మేలు. గద్దెల మీద అమ్మలు ఉంటారు, జనం పలచబడతారు. జాతర మొదలవడానికి ముందు వారాల్లో పోయి ముందస్తు మొక్కులు చెల్లించేవాళ్లూ చాలామంది. బస్సులో కూర్చుని పోయి కూర్చుని రావాలంటే అదే సరైన కాలం. కాకపోతే అప్పుడు గద్దెల మీద అమ్మలు ఉండరు. మొక్కు చెల్లుతుంది గానీ జాతర చూసినట్టు కాదు.

ఒక సంగతి బస్సువాళ్లు ముందే ఒప్పుకోవాలి. ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి మొదటి మొక్కు చెల్లించి ముందుకు పోవడం ఆనవాయితీ. ప్రత్యేక బస్సు అక్కడ ఆగుతుందని లెక్కపెట్టుకోవద్దు. అది తప్పనిసరి అనుకునేవాళ్లు ములుగు దాకా మామూలు బస్సులో వచ్చి, మొక్కి, మళ్లీ ఎక్కాలి. జాతర రోజుల్లో మధ్యలో ఎక్కితే సీటు దొరకదు. సొంత బండికి బస్సు మీద పైచేయి ఉన్నది ఇక్కడొక్కచోటే.

పోలేనివాళ్లకు ఆర్టీసీ లాజిస్టిక్స్ దేవాదాయ శాఖతో కలిసి 2024లో రూ.299కి ప్రసాదం ఇంటికి పంపింది. ఒంట్లో బాగాలేనివాళ్లకు, దూరదేశంలో ఉన్న పిల్లల కోసం ఇక్కడ తీసుకునే తల్లిదండ్రులకు ఇది మంచి ఏర్పాటు. జాతర రోజుల్లోనే వస్తుందని ఆశ పెట్టుకోకుండా బుక్ చేయండి. అమ్మ బంగారం కొద్దిగా వచ్చినా వాడకట్టంతా చిటికెడు చిటికెడు పంచుకోవచ్చు. మొక్కు ఉన్నవాళ్లకు మాత్రం ఇది సరిపోదు. తలనీలాలు, ఒడిబియ్యం మనిషి పోయి ఇవ్వాల్సినవే. అలాంటివాళ్లు జాతర తర్వాతి బుధవారం జరిగే తిరుగువారానికి పోవచ్చు. అప్పటికి రోడ్డు తేరుకుంటుంది, కిటికీ పక్క సీటు దొరుకుతుంది.