టమాటా ఎండు తెగులుకి సూడోమోనాస్ పొడి: వాడాక నా మాట

మా మదనపల్లె వైపు టమాటా వేసేవాళ్ళకి ఎండు తెగులు టెన్షన్ కొత్తేం కాదు. పచ్చగా ఉన్న చెట్టు ఉన్నట్టుండి వాడిపోతుంది, కాండం కోసి గ్లాసు నీళ్ళలో వేలాడదీస్తే కోసిన చోటు నుంచి తెల్లటి జిగురు సన్నగా కిందికి కారుతుంది, ఆ జిగురు నిండా రాల్స్టోనియా అనే బాక్టీరియానే. అంతదాకా వచ్చాక ఏ మందు పోసినా ఆ చెట్టు బతకదు.

అందుకే ఈసారి నాటకముందే సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే, మొక్కకి మేలు చేసే బాక్టీరియా ప్రాణంతో ఉండే పొడి వాడాను. నారు వేళ్ళు ఆ పొడి కలిపిన నీళ్ళలో ముంచి నాటిన సాళ్ళలో చెట్లు బాగా తక్కువ పోయాయి, ముంచకుండా నాటిన సాళ్ళు చూస్తే తేడా తెలుస్తోంది. తెగులు పూర్తిగా ఆగలేదు, ఆగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఈ పొడి ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎప్పుడు వెయ్యాలో అర్థమవుతుంది. సూడోమోనాస్ జాతిలో చాలావాటికి టైప్ 6 సెక్రీషన్ సిస్టమ్ అనే ఏర్పాటు ఉంది: కణం లోపల ప్రొటీన్లతో కట్టిన సన్నటి గొట్టం, దాని మొనకి విషం, చుట్టూ తొడుగు, ఆ తొడుగు ఒక్కసారిగా ముడుచుకునేసరికి గొట్టం బల్లెంలా పక్క బాక్టీరియాలోకి దిగిపోయి లోపల విషం వదులుతుంది. ఆ విషాల్లో కొన్ని కణం గోడని కోస్తాయి, కొన్ని డీఎన్ఏని ముక్కలు చేస్తాయి. తన వాళ్ళకి మాత్రం ఏమీ కాదు, విరుగుడు ప్రొటీన్ ముందే ఉంటుంది కాబట్టి. దీన్ని మొదట గుర్తించింది 2006లో, కలరా బాక్టీరియాలో. సూడోమోనాస్ పుటిడా ఇదే ఆయుధంతో ఆకుల మీద జాంథోమోనాస్ అనే తెగులు బాక్టీరియాని అణిచేసిందని 2017లో చూపించారు. ఇవి కాక యాంటీబయాటిక్స్ వదలడం, తెగులు బాక్టీరియాకి అందకుండా ఇనుము లాగేసుకోవడం కూడా ఉన్నాయి.

ఆ బల్లెం పక్కనే ఆనుకుని ఉన్న కణానికే తగులుతుంది, దూరానికి అందదు. అంటే తెగులు బాక్టీరియా రాకముందే ఇవి వేళ్ళ మీద, అదీ ప్రాణంతో, కాపురం పెట్టి ఉండాలి. చాలామంది చెట్టు వాడిపోయాక తెచ్చి పోసి, పనిచెయ్యలేదని తిడతారు.

నాకు కోపం వచ్చింది రెండిటి మీద. నేను కొన్న షాపులో రేకుల కప్పు కింద, ఎండ పడే అరలో ప్యాకెట్లు పెట్టారు, ఆ వేడికి లోపల ఎన్ని బతుకుతాయి? తయారీ తేదీ చూసి, కొత్త స్టాకే అడిగి తీసుకోండి. రెండోది, లేబుల్ మీద స్ట్రెయిన్ పేరు, అంటే ఆ బాక్టీరియాలో ఏ రకమో, లేదు. ఒకే జాతిలో కూడా స్ట్రెయిన్‌కీ స్ట్రెయిన్‌కీ ఆయుధాలు మారతాయి, డబ్బిచ్చి కొనే రైతుకి ఆ పేరు చెప్పి తీరాలి.

వాడేవాళ్ళు విత్తనానికైతే కిలోకి 10 గ్రాములు పట్టించండి, పొలానికైతే మాగిన పశువుల ఎరువులో కలిపి తడి ఉన్నప్పుడు చల్లండి. కాపర్ మందులతో, స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో మాత్రం ఒకే డ్రమ్ములో కలపకండి, అవి దీన్నే ముందు చంపేస్తాయి.