ఫ్రిస్కో నుంచి ఫ్రిస్కోకి: స్కీలు మోసుకెళ్ళాలా, అక్కడే అద్దెకి తీసుకోవాలా

డాలస్ పక్కన మేముండే ఊరు ఫ్రిస్కో, చలికాలంలో స్కీయింగ్‌కి వెళ్ళే ఊరు కూడా ఫ్రిస్కోనే, కాకపోతే అది కొలరాడోలో ఉంటుంది, తొమ్మిది వేల అడుగుల ఎత్తున. గుంటూరు ఫోన్ చేసి "ఫ్రిస్కో వెళ్తున్నామమ్మా" అంటే మా అమ్మ ప్రతిసారీ "ఉండేదే ఫ్రిస్కోలో కదే, మళ్ళీ వెళ్ళడమేంటి" అంటుంది. స్కీలకి విమానంలో డబ్బులు కట్టానని తెలిసిన రోజున ఇంకా బాగా అంది, "కాళ్ళకి కట్టుకునే బద్దలకి కూడా టిక్కెట్టా, వాటికి కిటికీ సీటు ఇచ్చారా లేదా".

ఇక్కడ మా తెలుగు సర్కిల్లో ఈమధ్య స్కీయింగ్ పిచ్చి బాగా ఎక్కింది, కార్యసిద్ధి హనుమాన్ గుడి పార్కింగ్‌లో కూడా పట్టుకుని అడుగుతున్నారు, "మీరు స్కీలు కొనేశారంట కదా, ఫ్లైట్లో తీసుకెళ్తే లాభమేనా" అని. ఒక్క ముక్కలో చెప్పాలంటే బూట్లు కొనుక్కోండి, స్కీలు అద్దెకి తీసుకోండి. ఎందుకంటారా, నేను డబ్బులు పోసి నేర్చుకున్న లెక్క ఇది, చదవండి.

2023 థాంక్స్‌గివింగ్ సేల్‌లో కొన్నా. షాపువాళ్ళు ముందు సీజన్లో డెమోకి వాడిన స్కీలు, 154 సెంటీమీటర్లవి, బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్స్‌తో కలిపి 380 డాలర్లు. వాటికి చక్రాలున్న మెత్తటి బ్యాగ్ ఇంకో 140. మొత్తం 520. బూట్లు వేరే, వాటి సంగతి తర్వాత. అప్పట్లో సౌత్‌వెస్ట్ విమానాల్లో మనిషికి రెండు బ్యాగులు ఫ్రీ, స్కీల బ్యాగూ బూట్ల బ్యాగూ కలిపి ఒకటిగానే లెక్కేసేవాళ్ళు, డాలస్ లవ్ ఫీల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ఎక్కితే డెన్వర్‌లో దిగడమే, పైసా ఖర్చు లేదు. అక్కడి ఫ్రిస్కో ఊళ్ళో షాపులో ఉత్త స్కీలు మాత్రమే అద్దెకి తీసుకుంటే నాకు రోజుకి 34 పడేది, మూడు రోజులకి 102. మేం ఏడాదికి రెండు ట్రిప్పులు వెళ్తాం, అంటే 204, అందులో అంచులు పదును పెట్టి వ్యాక్స్ చేయించడానికి ఒక 50 తీసేస్తే ఏడాదికి 154 మిగులు. మూడున్నరేళ్ళలో స్కీలు వాటంతటవే వసూలు చేసేస్తాయి. ఇంత తెలివైన లెక్క నేనే వేశానని మా ఆయనకి నాలుగు సార్లు చెప్పా.

2025 మే 28 నుంచి బుక్ చేసిన టిక్కెట్లకి సౌత్‌వెస్ట్ కూడా బ్యాగులకి డబ్బులు తీసుకోవడం మొదలెట్టింది కదా. మొదటి బ్యాగ్‌కి అప్పుడు 35, రెండోదానికి 45, ఒక్కోవైపు. పోనూ రానూ 70. ఇప్పుడు నా లెక్క తిరగెయ్యండి. ట్రిప్పుకి 102 మిగిలేది కాస్తా 32 అయింది, రెండు ట్రిప్పులకి 64, వ్యాక్సింగ్ 50 తీసేస్తే ఏడాదికి 14 డాలర్లు. మా ఆయన ఫోన్లో కాలిక్యులేటర్ తీసి 520ని 14తో భాగించి, చాలా గంభీరంగా, "ముప్ఫయ్యేడు ఏళ్ళు. నీకు డెబ్బై అయిదు వచ్చేసరికి లాభాల్లో పడతావు" అన్నాడు. తను స్కీలు కొనలేదు మరి.

ఇందులో ఒక మెలిక ఉంది, అది మర్చిపోతే లెక్క తప్పుతుంది. మీరు ఎలాగూ ఒక సూట్‌కేస్ చెక్-ఇన్ చేసేవాళ్ళయితే, స్కీ బ్యాగ్‌లోనే జాకెట్లూ ప్యాంట్లూ స్కీల చుట్టూ చుట్టేసి పెట్టెయ్యొచ్చు, 50 పౌండ్లు దాటకుండా చూస్కుంటే చాలు, అప్పుడు స్కీలకి విడిగా అయ్యే ఖర్చు సున్నా. స్కీలకి మెత్తగా కూడా ఉంటుంది. కాకపోతే రెండు బ్యాగుల్నీ ఒకటిగా లెక్కేసే ఆ మినహాయింపు స్కీ సామానుకే అని కొన్ని ఎయిర్‌లైన్ల రూల్, బూట్ల బ్యాగ్‌లో బట్టలు కనబడితే దాన్ని ఇంకో బ్యాగ్‌గా లెక్కేసే హక్కు వాళ్ళకుంది. నన్నెవరూ విప్పించలేదు కానీ కౌంటర్ దగ్గర మాత్రం కొంచెం గుండె దడ.

ఇక అద్దె సంగతి. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఏంటంటే కొండ కింద, మనుషుల్ని పైకి మోసుకెళ్ళే లిఫ్ట్ పక్కనే ఉన్న షాపులోకి పొద్దున్నే తొమ్మిదింటికి వెళ్ళి నిలబడటం. మొదటిసారి మేమూ అదే చేశాం, అదీ ఫిబ్రవరిలో వచ్చే ప్రెసిడెంట్స్ డే సెలవు వీకెండ్‌లో. లైన్లో యాభై నిమిషాలు, బూట్లతో కలిపి ప్యాకేజీ మనిషికి రోజుకి 75. అదే సరుకు ఊళ్ళో షాపులో ముందే ఆన్‌లైన్లో బుక్ చేస్తే 45. ఇంకో చిట్కా, చాలా షాపుల్లో ముందు రోజు సాయంత్రం తీసుకుంటే ఆ రోజుకి డబ్బులు వెయ్యరు, కాబట్టి ఎయిర్‌పోర్ట్ నుంచి వస్తూ వస్తూనే తీసేసుకోండి. గదికే తెచ్చి కాళ్ళకి తొడిగి చూసి ఇచ్చే సర్వీసులు కూడా ఉన్నాయి, పసిపిల్లలున్న వాళ్ళకి వరం, రేటు మాత్రం కొండ కింది షాపుల లెవెల్లోనే ఉంటుంది.

ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు ఈ ముప్ఫైలూ నలభైల దగ్గర మనం కొట్టుకుంటున్నాం కానీ, అసలు ఏనుగు లిఫ్ట్ టిక్కెట్. ఫ్రిస్కో పక్కన ఉండే స్కీ కొండ బ్రెకెన్‌రిడ్జ్‌లో సీజన్ మధ్యలో అప్పటికప్పుడు కౌంటర్లో కొంటే రోజుకి 250 డాలర్లు దాటిపోతుంది. ఎపిక్ డే పాస్ అని ఆ కొండకి చెల్లే పాస్ ముందే కొనుక్కుంటే చాలా తగ్గుతుంది, కానీ డిసెంబర్ మొదట్లోనే అమ్మకం ఆపేస్తారు. ఈ పాస్ మర్చిపోయి స్కీల అద్దెలో పది డాలర్లు ఆదా చేశానని సంబరపడే వాళ్ళని చూశా, మా ఇంట్లోనే చూశా.

బూట్లు మాత్రం కొనుక్కోండి అని ఎందుకంటున్నానంటే, స్కీ ఎవరిదైనా మంచు మీద జారుతుంది, బూటు మాత్రం మన కాలికి పట్టాలి. స్కీ బూటు సైజు పాదం పొడవుని సెంటీమీటర్లలో కొలిచి చెప్తారు, నాది 24.5. షాపులో కుర్రాడు "ఏ సైజు షూ" అని అడిగి చేతికి వచ్చింది ఇచ్చేస్తాడు, వంద మంది కాళ్ళు పెట్టి లోపలి లైనర్ పరుపు అణిగిపోయి ఉంటుంది, మడమ పైకి లేస్తుంది, లేవకూడదని బకిల్ ఇంకో గీత బిగిస్తాం, అరగంటకి పాదం తిమ్మిరెక్కుతుంది, కిందికి దిగేటప్పుడు వేళ్ళు ముందుకి గుద్దుకుంటాయి. మొదటి ట్రిప్ అయ్యాక నా రెండు బొటనవేళ్ళ గోళ్ళు నేరేడుపండు రంగులోకి వచ్చాయి, ఒకటి ఉగాదికి ఊడింది. చిన్నప్పట్నుంచీ చెప్పుల్లో పెరిగిన కాళ్ళు కదా, ముందు భాగం వెడల్పు, సన్నటి బూటులో దూరవు. 330 పెట్టి, ఫిట్టర్ దగ్గర గంటన్నర కూర్చుని, వెడల్పు మోడల్ తీసుకుని, చిటికెన వేలు దగ్గర ప్లాస్టిక్‌ని వేడి చేసి బయటికి నొక్కించుకున్నా. ప్యాకేజీకీ ఉత్త స్కీలకీ తేడా రోజుకి 11 డాలర్లు, అంటే ముప్ఫై రోజులకి బూట్ల డబ్బు వెనక్కి వస్తుంది, మాకు అయిదేళ్ళు. రాకపోయినా నాకు బాధ లేదు.

పైగా బూట్లకి విమానంలో ఖర్చే లేదు. బ్యాక్‌ప్యాక్‌లో పెట్టుకుని క్యాబిన్లోకి తీసుకెళ్ళిపోవచ్చు, సెక్యూరిటీలో అభ్యంతరం లేదు, చేతికర్రలు అంటే పోల్స్ మాత్రం క్యాబిన్లోకి రానివ్వరు. జత నాలుగు కిలోల దాకా తూగుతుంది, భుజం లాగుతుంది, అంతే. అద్దె షాపుకి వెళ్ళాక ఎత్తు, బరువు, వయసు, ఎలా స్కీ చేస్తారు అన్నవి అడిగి, మీ బూటు మడమ పక్కన మిల్లీమీటర్లలో రాసి ఉండే సోల్ పొడవు చూసి, దాన్ని బట్టి బైండింగ్ సెట్ చేస్తారు, అయిదు నిమిషాల పని. బరువు దగ్గర మొహమాటపడి తగ్గించి చెప్పకండి, పడినప్పుడు స్కీ ఊడాలా వద్దా అన్నది ఆ అంకె మీదే ఉంటుంది.

సామాను రాకపోతే ఏంటి అని అడిగేవాళ్ళ కోసం ఇది. 2025 జనవరిలో వేరే ఎయిర్‌లైన్లో వెళ్ళాం, పేరెందుకు లెండి. డెన్వర్‌లో స్కీలు మామూలు బెల్ట్ మీద రావు, ఓవర్‌సైజ్ సామాను వచ్చే దగ్గరికి వెళ్ళాలి, అక్కడ నిలబడి నిలబడి అందరి స్కీలూ వచ్చాయి, ఒకాయన గోల్ఫ్ క్లబ్బులు కూడా వచ్చాయి (జనవరిలో గోల్ఫ్ ఏంటో), నావి రాలేదు. కౌంటర్లో కంప్లయింట్ రాసిచ్చి కొండెక్కేశాం. మర్నాడు మధ్యాహ్నానికి, దిగిన పందొమ్మిది గంటలకి, హోటల్‌కి పంపారు. ఆ రోజుకి నేను స్కీలు అద్దెకే తీసుకున్నా, అంటే బ్యాగ్ ఫీజూ కట్టా, అద్దే కట్టా. కాకపోతే 2024 అక్టోబర్ చివరి నుంచి వచ్చిన రూల్ ప్రకారం దేశం లోపలి ఫ్లైట్లో బ్యాగ్ పన్నెండు గంటలు దాటి ఆలస్యమైతే ఆ ఫీజు వెనక్కివ్వాలి, కంప్లయింట్ రాసి ఉండాలి, అది ముఖ్యం. వెనక్కొచ్చింది. బూట్లు నా భుజం మీదే ఉన్నాయి కాబట్టి ఆ రోజు పాడవలేదు.

ఇంక ఎవరూ లెక్కలో వెయ్యని ఖర్చు కారు. డెన్వర్‌లో అద్దె కార్లు టెర్మినల్ దగ్గర ఉండవు, షటిల్ బస్సెక్కి వెళ్ళాలి, ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో మనిషంత పొడుగు బ్యాగ్. చిన్న కార్లో ఆ బ్యాగ్ పట్టదు, కాబట్టి ఎస్‌యూవీ. దానికి తోడు సెప్టెంబర్ నుంచి మే దాకా ఐ-70 హైవే మీద కొండదారిలో మంచులో జారని బండే నడపాలని ట్రాక్షన్ చట్టం ఉంటుంది, ఫోర్ వీల్ డ్రైవ్ గానీ సరైన టైర్లు గానీ ఉండాలి, టైరు గాడి కనీసం 3/16 అంగుళం. నాలుగు రోజులకి ఎస్‌యూవీ మాకు 310 అయింది. ఆదివారం సాయంత్రం వెనక్కొచ్చేటప్పుడు ఐసెన్‌హోవర్ టన్నెల్ ముందు కార్ల లైను చూస్తే సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే రోడ్డు గుర్తొచ్చింది, టోల్ ప్లాజా ఒక్కటే తక్కువ. వంద మైళ్ళకి నాలుగున్నర గంటలు.

అందుకే పోయిన డిసెంబర్లో స్కీలు ఇంట్లో వదిలేసి, కారు కూడా వదిలేసి వెళ్ళి చూశాం. ఎయిర్‌పోర్ట్ నుంచి యూనియన్ స్టేషన్‌కి ట్రైన్, పెద్దవాళ్ళకి పది డాలర్లు, అక్కడ్నుంచి బస్టాంగ్ బస్సు, నేరుగా ఫ్రిస్కో ట్రాన్సిట్ సెంటర్లో దింపుతుంది. అక్కడ సమ్మిట్ స్టేజ్ అని ఊరి బస్సులు, బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్, కాపర్ స్కీ కొండలకి తిరుగుతాయి, టిక్కెట్ లేదు, నిజంగానే ఫ్రీ. బస్సుల టైమింగ్స్ చూస్కుని కదలాలి, ఒకసారి చలిలో ఇరవై అయిదు నిమిషాలు నిలబడ్డాం, అయినా 310 డాలర్లకి ఆ మాత్రం నిలబడొచ్చు.

కొండల విషయానికొస్తే, పిల్లలతో అయితే నేను కీస్టోన్ అంటా, ఫ్రీ పార్కింగ్ దొరుకుతుంది, రాత్రి లైట్లు వేసి కూడా నడుపుతారు. కాపర్‌లో కొండే సహజంగా విడిపోయి ఉంటుంది, పడమర వైపు కొత్తవాళ్ళకి, తూర్పుకి పోయేకొద్దీ నిటారు, కాబట్టి దారి తప్పి భయపడే పని లేదు, కానీ అది ఐకాన్ అనే వేరే పాస్‌లోది, ఎపిక్ పనికిరాదు. బ్రెకెన్‌రిడ్జ్ ఊరు అందంగా ఉంటుంది, పార్కింగ్‌కి డబ్బులు, జనం ఎక్కువ, పైన గాలి పలచన, మా పాపకి అక్కడి పీక్ 8 అనే శిఖరం దగ్గర తలనొప్పి వచ్చి కిందికి దింపేశాం. మొదటి రోజు నీళ్ళు బాగా తాగి, పెందలాడే పడుకోండి.

బస విషయంలో కొండకి ఆనుకుని ఉండే ఖరీదైన గదికి ఒకసారి డబ్బు పోశాం, ఇంక పొయ్యం. ఫ్రిస్కోలో కిచెన్ ఉన్న కాండో చాలు. కాకపోతే ఆ ఎత్తులో నీళ్ళు 91 డిగ్రీలకే మరిగిపోతాయి, గిన్నెలో పెట్టిన కందిపప్పు గంటన్నర ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది, రైస్ కుక్కర్లో అన్నం పైన మెత్తగా, లోపల బియ్యంగా. ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్ళండి, మూడు లీటర్లది. మూత గట్టిగా ఉన్న ఆవకాయ డబ్బా పైన తెరిచేటప్పుడు మొహం కొంచెం పక్కకి పెట్టుకోండి, నా తెల్ల జాకెట్ మీద మచ్చ ఇంకా ఉంది. కాండో తీసుకునేటప్పుడు స్కీ లాకరూ బూట్లు ఆరబెట్టే మెషీనూ ఉన్నాయా అని అడగండి, తడి బూటు రాత్రంతా కార్లో వదిలేస్తే పొద్దున రాయిలా బిగుసుకుపోయి కాలు దూరదు.

సొంత స్కీల వల్ల సుఖం లేదని కాదు. అలవాటైన జత, పొద్దున మొదటి లిఫ్ట్‌కి లైన్ లేకుండా వెళ్ళిపోవచ్చు. వారం రోజులు ఒక్కచోటే ఉండేవాళ్ళకి 34 చొప్పున 238 అవుతుంది, 70 కట్టి మోసుకెళ్ళడమే మేలు. కానీ మనకి ఐటీలో వారం రోజులు సెలవెక్కడిది, శుక్రవారం లాగౌట్ అయ్యి సోమవారం రాత్రికి రావడమే కదా. అద్దెవాటిలో ఇంకో లాభం, రాత్రి మంచు బాగా కురిస్తే షాపుకెళ్ళి వెడల్పు స్కీలు మార్చుకోవచ్చు. పిల్లలకైతే ఆలోచనే వద్దు, మా పాప కాలు ఏడాదికి ఒకటిన్నర సైజు పెరుగుతోంది, ఎప్పుడూ అద్దెవే.

నా 520 డాలర్ల స్కీలు ఇప్పుడు గరాజ్ గోడకి వేలాడుతున్నాయి. వచ్చే మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి ఆరు రోజులు, అమరిల్లో మీదుగా కార్లో పోదామని ప్లాన్, పద్నాలుగు గంటల డ్రైవ్, అప్పుడు దిగుతాయి కిందికి. 140 పెట్టి కొన్న బ్యాగ్‌లో మాత్రం సంక్రాంతి బొమ్మల కొలువు మెట్ల చెక్కలు పెట్టా, కొలిచి చేయించినట్టు సరిపోయాయి.